మూరెడు సరిపోలేదు: మా వాడకట్టులో గద్దె కట్టిన డైరీ

పని ఇది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో మా ఊరు. మా వాడకట్టులో 23 ఇండ్లు, 360 అడుగుల బజారు (వీధి). ముసలివాళ్లు పొద్దుగూకే వేళ బయటికొచ్చి కూర్చోడానికి ఒక గద్దె కట్టాలి. ఇంత చిన్న పనికి నాలుగు నెలలు పట్టింది. ఒకసారి సగం గద్దె పగలగొట్టాను. పట్టు గొట్టం (లేచేటప్పుడు పట్టుకునేది) కూడా పీకి మళ్లీ పెట్టాను. నేను హైదరాబాద్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. శనివారం రాత్రి బస్సుకు ఊరొచ్చి సోమవారం తెల్లారి పోతాను. అందుకే కింది తేదీలు దాదాపు అన్నీ 2024లోని ఆదివారాలు. కట్టాలనుకునేవాళ్లు దశ 1ని దాటేసి దశ 2 నుంచి చూసుకోవచ్చు.

దశ 0. ఫిబ్రవరి 11: ఉన్న అరుగుల కొలత

ఒకప్పుడు 9 ఇండ్లకు అరుగులుండేవి. ట్రాక్టరు తిరగాలని కొన్ని, బైకు పెట్టుకోవాలని కొన్ని, మొత్తం ఆరు పోయాయి. మిగిలిన మూడూ కొలిచాను. బజారు మట్టం నుంచి 9½, 11, 12 అంగుళాలు ఉన్నాయి.

ఇంత పొట్టి అరుగులు ఎవరు కట్టుకుంటారు? మోరీ (మురుగు కాలువ) పక్కన సిమెంటు అంచు పగిలిన చోట గడ్డపారతో తవ్వి చూశాను. పైన 4 అంగుళాల కొత్త సీసీ, కింద 4½ అంగుళాల పాత సీసీ, దాని కింద మొరం. 9½కు ఆ 8½ కలిపితే 18, సరిగ్గా మూరెడు. అరుగు కుంగలేదు, బజారే పైకొచ్చింది. పాత రోడ్డు తీయకుండా దాని నెత్తిన కొత్తది పోస్తే కడపలు పల్లమై వాన నీళ్లు ఇండ్లలోకొస్తాయని అందరూ తిట్టుకుంటారు. అరుగు పొట్టిదైందని మాత్రం ఎవరూ అనలేదు. నేనూ కొలిచేదాకా గమనించలేదు.

ఆ అరుగుల మీద ఇప్పుడు పిల్లలు ఆడుకుంటారు, రాత్రి కుక్కలు పడుకుంటాయి.

దశ 1. ఫిబ్రవరి 18: మొదటి గద్దె (ఇది కాపీ కొట్టకండి)

జాగా: తాళం వేసి పట్నం పోయినవాళ్ల ఇంటి గోడ. కిటికీలు లేవు, సాయంత్రం నీడ పడుతుంది. ముందర మోరీ. సర్పంచుల పదవీకాలం ఫిబ్రవరి 1తో అయిపోయి అప్పట్లో ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది కాబట్టి పంచాయతీ కార్యదర్శిని అడిగాను. మోరీ మూయొద్దు, బండ్లకు అడ్డం రావొద్దు అన్నాడు. ఆ మొదటి మాటను నేను సరిగ్గా చెవికెక్కించుకోలేదు. దాని ఫలితం దశ 3లో ఉంది.

1. 12 అడుగుల పొడవు, 24 అంగుళాల వెడల్పు, అర అడుగు లోతు పునాది.
2. సిమెంటు ఇటుకలు రెండు వరసలు.
3. పైన నల్ల గ్రానైటు. మా సైటులో మిగిలిన ముక్కలు, పాలిష్ చేసినవి, ఉత్తగ వచ్చాయి.
4. మొత్తం ఎత్తు 18 అంగుళాలు.

"మూరెడు పెడ్తే సాలు తమ్మీ, మా తాతల కాన్నుంచి గదే లెక్క" అన్నాడు మేస్త్రి. నా లెక్క కూడా అదే. రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడుమనే నిలబడింది. ఇద్దరం సంతోషపడ్డాం.

ఖర్చు: ఇటుకలు 40కి 1,280, సిమెంటు 3 బస్తాలు 1,020, ఇసుక 1,200, గ్రానైటు తెచ్చిన ఆటో 600, మేస్త్రి, కూలీ ఒక రోజు 1,500.
ఇప్పటిదాకా: 5,600 రూపాయలు.

ఫిబ్రవరి 25

వారం తర్వాత వచ్చి చూస్తే గద్దె మీద ఆరుగురు పోరగాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరి కోసమైతే కట్టానో ఆ నాయినమ్మ కట్టె ఊతంగా పక్కనే నిలబడి ఉంది. కూర్చోమన్నాను.

"కూసుంటే నన్ను లేపుడు ఎవల తోటి అయితది బిడ్డా?"

నాయినమ్మకు 79 ఏండ్లు. పెళ్లై వచ్చినప్పటినుంచి నలభై ఏండ్లకు పైగా బోరు నీళ్లే తాగింది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా దిక్కు దానికి ఎన్నో రెట్లున్న బోర్లుండేవి. మా నేల కింద ఉన్నది గ్రానైటు, అందులోని ఖనిజాల నుంచే ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. ఏండ్ల తరబడి అవే తాగితే కీళ్ల చుట్టూ ఉన్న నరాల్లాంటి బంధనాలు సున్నం పట్టినట్టు గట్టిపడతాయి. నడుము ముందుకు వంగి అట్లనే బిగుసుకుంటుంది, మోకాలు సగంలోనే ఆగిపోతుంది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లొస్తున్నాయి. బిగుసుకున్న ఎముకలు మాత్రం మంచినీళ్లతో వెనక్కి రావు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్లగొండ పద్ధతి'. నీళ్ల గురించి అంత పని జరిగిన జిల్లాలో, ఆ నీళ్లు తాగినవాళ్లు ఎంత ఎత్తు మీద కూర్చోగలరన్నది కొలవకుండానే నేను టేపు పట్టుకొని దిగాను. మూరెడు లెక్క మోకాళ్లు వంగిన కాలం నాటిది.

దశ 2. మార్చి 3, 10: మనుషుల్ని కొలవడం, మళ్లీ కట్టడం

వాడకట్టులో 60 దాటినవాళ్లు 14 మంది. నడుమో మోకాళ్లో బిగుసుకున్నవాళ్లు ఐదుగురు. ఇటుకలు, సెంట్రింగు పలక, అట్టముక్కలు పేర్చి వేర్వేరు ఎత్తుల మీద కూర్చోబెట్టాను. అక్కడ పడే ప్రమాదం ఉంది. పక్కన ఇద్దరు లేకుండా ఈ పని చేయొద్దు.

ఎవరి చేయీ పట్టకుండా లేచినవాళ్లు:

- 10 అంగుళాలు (దాదాపు పాత అరుగు): ఎవరూ లేవలేదు
- 14 అంగుళాలు: ఎవరూ లేవలేదు
- 18 అంగుళాలు (నా గద్దె): ఒక్కరు
- 21 అంగుళాలు: నలుగురు
- 22 అంగుళాలు: ఐదుగురు
- 24 అంగుళాలు: ఐదుగురు, కానీ ఇద్దరి పాదాలు నేలకు అందలేదు. ఒకాయన "మంచె మీద కూసున్నట్టుంది, దించుండ్రి" అన్నాడు

నాలుగంగుళాలు. బయటికి రావడానికీ ఇంట్లోనే ఉండిపోవడానికీ మధ్య మా వాడకట్టులో ఉన్న తేడా అంతే. ఎత్తు గద్దె ఒక్కటే కడదామంటే ఆడవాళ్లు ఒప్పుకోలేదు. బాసిపట్లు వేసుకొని, చేట ముందర పెట్టుకొని కూర్చోడానికి వాళ్లకు వెడల్పు కావాలి, ఎత్తు కాదు. కాబట్టి గద్దెను రెండు చేశాను.

మార్చినవి:

1. సగం (6 అడుగులు) 18 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల వెడల్పు అలాగే ఉంచాను.
2. మిగతా సగం 22 అంగుళాల ఎత్తు. వెడల్పు 15కు తగ్గించాను. నడుము వంగినవాళ్లు గోడకు ఆనలేరు, అంచు మీదే కూర్చుంటారు. వెనక మిగిలిన జాగా ఎవరికీ పనికిరాదు.
3. గ్రానైటు తీసేసి పాలిష్ లేని తాండూరు బండ వేశాను. నున్నటి రాయి అంచు మీద చీర జారుతుంది.
4. బండను ముందు గోడకంటే 4 అంగుళాలు బయటికి జరిపాను. మోకాలు వంగేవాళ్లు లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుంటారు. గోడ నిలువుగా ఉంటే మడమ తగులుతుంది.

నాలుగోది నాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ కుర్చీలోంచి లేస్తుంటే చూసి తెలుసుకున్నాను.

ఖర్చు: మేస్త్రి, కూలీ రెండు రోజులు 3,000, ఇటుకలు 480, సిమెంటు 340, తాండూరు బండ 20 చదరపు అడుగులు 600.
ఇప్పటిదాకా: 10,020.

దశ 3. మార్చి 17, 24: మోరీ

కార్యదర్శి మాట గుర్తొచ్చేలోపు వాసన వచ్చింది. గద్దె ముందర కాళ్లు పెట్టుకోడానికని మోరీ మీద బండలు పరిచి సిమెంటుతో అతికించేశాను. ఊడ్చేవాళ్ల పార లోపలికి పోదు. 8 అడుగుల మేర నీళ్లు నిలిచాయి. గరిటెతో తీసి తెల్ల పళ్లెంలో పోస్తే ఒక్క గరిటెలో 20కి పైగా దోమ పురుగులు. మురుగులో పెరిగే ఇవి ఎక్కువగా క్యూలెక్స్ జాతి. పొద్దుగూకాక కుడతాయి. నేను గద్దె కట్టిందీ పొద్దుగూకే వేళకే.

బండలు పగలగొట్టి, తీసి పెట్టగలిగే మూతలు పోశాను. ఇందులోనూ రెండు తప్పులు జరిగాయి.

మొదటి తప్పు బరువు. 2 అడుగులు × 1½ అడుగు మూతను 4 అంగుళాల మందంతో పోశాను. అంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు కాంక్రీటు, సుమారు 70 కిలోలు. ఎవరూ ఎత్తరు, ఎత్తనిది ఎవరూ ఊడ్వరు. దాన్ని పక్కన పడేసి 2 అంగుళాల మందంతో, 8 ఎం.ఎం. చువ్వలతో నాలుగు పోశాను. ఒక్కోటి 35 కిలోలు, ఇద్దరు లేపుతారు. రెండు కొసలకూ చువ్వ వంచి కొక్కేలు పెట్టాను. ఆ మందం మీద మనుషులు నడవొచ్చు, ట్రాక్టరు ఎక్కొద్దు.

రెండో తప్పు నీళ్లు. ఆదివారం మూతలు పోసి సోమవారం హైదరాబాద్ వెళ్లిపోయాను. నీళ్లు కొట్టేవాళ్లు లేక రెండు మూతలు బీటలిచ్చాయి. మళ్లీ పోసి, గోనె సంచులు కప్పి, నలుగురు పిల్లలకు అప్పజెప్పాను. రోజుకు మూడు పూటలు, పది రోజులు. కూలి ఐస్‌క్రీములు. ఈ ప్రాజెక్టు మొత్తంలో అనుకున్నది అనుకున్నట్టు జరిగిన పని ఇదొక్కటే.

ఖర్చు: చువ్వలు 585, సిమెంటు 340, కంకర 400, ఐస్‌క్రీములు 150.
ఇప్పటిదాకా: 11,495.

దశ 4. ఏప్రిల్ 14, 21: ఎండ

ఏప్రిల్ రాగానే గద్దె మళ్లీ ఖాళీ అయింది. మా గోడ నీడ నాలుగున్నర తర్వాతే పడుతుంది. అప్పటిదాకా రాయి కాగుతూనే ఉంటుంది. దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, పిల్లలు 'తుపాకీ' అంటారు, కొని మధ్యాహ్నం 3 గంటలకు కొలిచాను. నీడలో గాలి 41 డిగ్రీలు.

- సీసీ బజారు: 57
- పక్కన పెట్టిన నల్ల గ్రానైటు ముక్క: 63
- తాండూరు బండ: 54
- సున్నం వేసిన సిమెంటు దిమ్మె: 45

మా ఇంటి వెనకున్న పాత రేకులు కట్టెల మీద కట్టి చూశాను. తుపాకీ రేకు అడుగున 36 చూపించింది. నేను నమ్మి అందరికీ చెప్పాను. దాని కింద కూర్చున్న పెద్దమ్మ ఐదు నిమిషాల్లో లేచిపోతూ "నీ తుపాకీని నా నెత్తి మీద పెట్టి చూడు" అంది.

పెద్దమ్మ మాటే నిజం. మెరిసే లోహం మీద ఈ థర్మామీటరు తప్పు చెబుతుంది. లోహం తన వేడిని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల రూపంలో తక్కువగా వదిలి, ఎదుట ఉన్నవాటి వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. తుపాకీ ఆ తిరిగొచ్చిందాన్ని చదువుతుంది. రేకుకు నల్ల కరెంటు టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలాగి టేపు మీద కొలిస్తే 58. రేకు, స్టీలు, అల్యూమినియం దేన్ని కొలిచినా ముందు టేపు అంటించండి.

రేకులు దించేసి తాటికమ్మల పందిరి వేశాం. మా దిక్కు తాటిచెట్లకు కొదవ లేదు. గీత పనివాళ్ల చేత కమ్మలు కొట్టించి, వెదురు బొంగుల మీద రెండు పొరలు పరిచాం. అదే వేళకు, అదే గాలికి కమ్మల అడుగున 42, బండ మీద 39. గోడకు కూడా సున్నం కొట్టాం.

ఇంకో సంగతి. నాలుగున్నరకు గద్దె మీద, ముందర బజారు మీద ఒక్క బిందె నీళ్లు చల్లితే బండ 34కు దిగింది. ఎండిపోయాక కూడా అరగంట దాకా 36 దాటలేదు. మట్టి వాకిలి రోజుల్లో సాన్పి (పేడ కలిపిన నీళ్లు) చల్లేది ఊరికే కాదన్నమాట. సీసీ మీద సాన్పి పట్టదని ఆడవాళ్లు ఎప్పుడో మానేశారు. ఇప్పుడు ఆ పొద్దు బిందె ఎవరిదన్న దాని మీద రోజూ చిన్న పంచాయితీ నడుస్తోంది. ఆ పంచాయితీ కోసమైనా నలుగురు బయటికొస్తున్నారు, నేను కల్పించుకోలేదు.

తాటికమ్మల దోషాలూ రాస్తున్నాను. తేళ్లు చేరతాయి, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది, ఏటేటా మార్చాలి. వెనక వేపమొక్క పెట్టాం, అది నీడనిచ్చేదాకా కమ్మలే గతి.

ఖర్చు: థర్మామీటరు 1,100, రేకుల కొక్కేలు (దండుగ) 120, బొంగులు 900, కమ్మలు 500, తీగ 150, సున్నం 200.
ఇప్పటిదాకా: 14,465.

దశ 5. మే 5: పట్టు గొట్టం

22 అంగుళాల మీద ఐదుగురూ లేవగలరు కానీ భయంతో లేస్తున్నారు. ముందు నేను గోడకు, 30 అంగుళాల ఎత్తున, ఆసుపత్రుల్లో చూసినట్టు గొట్టం బిగించాను. వారం రోజుల్లో దాన్ని ముట్టింది తువ్వాల ఆరేసినవాళ్లే.

నాయినమ్మను కూర్చోబెట్టి ఎదురుగా నిలబడి చూశాను. వంగిన నడుముకు వెనక ఏదీ అందదు. చేతులు ముందుకే పోతున్నాయి, కట్టె మీదికి, పక్కామె భుజం మీదికి. ఆనుకోడానికి కాదు, పట్టుకోడానికి కావాలి. అదీ ముందర.

1. ఒకటింపావు అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాన్ని తలకిందుల 'యు' ఆకారంలో వెల్డింగ్ చేయించాను. 20 అడుగుల గొట్టంలో రెండు వచ్చాయి.
2. నేల పైన 32 అంగుళాలు, నేలలో 12 అంగుళాలు. వెడల్పు 24.
3. గద్దె అంచు నుంచి 14 అంగుళాల దూరం. 18 పెట్టి చూస్తే అందలేదు, 10 పెడితే మోకాళ్లు తగిలాయి.
4. పూర్తిగా కొబ్బరి తాడు చుట్టాను. మొదటి రోజు తాడు లేక ఒకామె చేయి చురుక్కుమంది.

కూర్చున్నంతసేపూ ముంజేతులు దాని మీదే ఆన్చుకుంటున్నారు. లేచేటప్పుడు అదే ఊతం. పోరగాళ్లు గద్దెకు అడ్డంగా బైకులు పెట్టకుండా కూడా ఆపుతోంది, అది నేను అనుకున్నది కాదు.

ఖర్చు: గొట్టం 1,900, వెల్డింగ్ 700, తాడు 120.
మొత్తం: 17,185. చందా 8,500 వచ్చింది, మిగతా 8,685 నాది.

మే 13, సోమవారం: పనిలో లేని కొలత

పార్లమెంటు ఎన్నికల పోలింగు. 85 దాటినవాళ్లకు, కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవాళ్లకే ఇంటి దగ్గర ఓటు, నాయినమ్మకు ఆ వెసులుబాటు లేదు. నడిచే పోతానంది. ఇంటి నుంచి బడి దాకా 340 మీటర్లు. తొమ్మిది చోట్ల ఆగింది. అంటే సగటున 110 అడుగులకు ఒకసారి. ఆగిన చోట ఎక్కడా కూర్చోడానికి ఏమీ లేదు. తమ్ముడు ప్లాస్టిక్ కుర్చీ మోసుకుంటూ వెంట వచ్చాడు. బడి దగ్గర ర్యాంపు ఉంది. టేపు జేబులోనే ఉంది కాబట్టి కొలిచాను: 14 అంగుళాల ఎత్తుకు 7 అడుగుల పొడవు. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి, అంటే 14 అడుగులు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. ఆమెను ఇద్దరం పట్టి ఎక్కించాం.

దాంతో నా లెక్క మారింది. నేను ఒక గద్దె కట్టి ఆగిపోయాను. 110 అడుగులకు ఒకటి చొప్పున మా బజారుకే మూడు కావాలి. కట్టాల్సింది గద్దె కాదు, గద్దె నుంచి గద్దెకు దారి. మిగిలిన మూడు పాత అరుగుల్లో రెండు సరిగ్గా కావలసిన చోట్లే ఉన్నాయి. వాటి మీద 12½, 10 అంగుళాల దిమ్మెలు పోసి 22కు తేవచ్చు. ఒక ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. రెండో ఇంటివాళ్లు "అందరు మా వాకిట్లనే కూసుంటే ఎట్ల" అంటున్నారు. వాళ్ల మాట తప్పని నేను అనలేను. గద్దె దగ్గరి ఇంటివాళ్లు రాత్రి తొమ్మిది దాకా ముచ్చట్లు వినాల్సిందే.

దశ 6. జూన్ 2, 9: ఎవరు కూర్చుంటున్నారు

సాయంత్రం 5:30 నుంచి 6:30 దాకా, నేనుంటే నేను, లేకపోతే చెల్లెలు లెక్కపెట్టింది.

- మార్చి మొదటి వారం: రోజుకు 6గురు. అందరూ మగవాళ్లు, అందరూ 40 లోపు.
- మార్చి చివర: 9 మంది. 60 దాటినవాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు ఒక్కరు.
- ఏప్రిల్ రెండో వారం: ఇద్దరు.
- మే చివర: 13 మంది. 60 దాటినవాళ్లు 6గురు, ఆడవాళ్లు 7గురు.

ఐదుగురిలో ఒకాయన ఇంకా రావడం లేదు. కాళ్లు సహకరించక కాదు, కడప దాటలేక. వాళ్ల కడప ఇప్పుడు బజారు కంటే 5 అంగుళాల పల్లంలో ఉంది. అది వేరే పని, వేరే డైరీ.

జూన్ 2న తొలకరి గాలికి సగం పందిరి లేచి పక్కింటి డాబా మీద పడింది. తీగ బదులు నైలాన్ తాడుతో మళ్లీ కట్టాం. కమ్మల కొసలు గాలి వచ్చే పడమటి దిక్కుకు కిందికి వంచాలని అప్పుడు తెలిసింది.

బజారుకు మళ్లీ సీసీ వేస్తారని ఊళ్లో మాట నడుస్తోంది. మరో 4 అంగుళాలు పడితే 22 అంగుళాల గద్దె 18 అవుతుంది, 18ది 14 అవుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అందుకే గద్దె పక్క నిలువు బండ మీద ఉలితో ఒక గీత కొట్టి, ఎర్ర రంగు వేసి, 'బజారు మట్టం, జూన్ 2024' అని రాశాను. పాత పొర తీసి ఈ గీత దాకే పోయమని వాడకట్టు తరఫున కాగితం రాసి 19 మందితో సంతకాలు, వేలిముద్రలు పెట్టించి పంచాయతీలో ఇచ్చాను.

జూన్ 9 సాయంత్రం గొట్టం మీద రెండు చేతులూ ఆన్చి కూర్చున్న నాయినమ్మ నన్ను పిలిచి గోడ చూపించింది.

"గిన్ని కొలతలు తీస్తివి గదరా, నా ఆకువక్కల సంచి యాడ పెట్టుకోవాలె?"

గోడలో 8 అంగుళాల గూడు. వచ్చే ఆదివారం పని. ఖర్చు ఇంకా రాయలేదు.